దిగేవాళ్లు ముందు చెప్పాలి

నాకింకా ముప్పై నిండలేదు. ఈ వయసులో రిటైరైనవాళ్లలాగా వృత్తి అనుభవాలు రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. రాయమన్నది మా యజమాని భాస్కరరావు గారు. యలమంచిలిలో ఒక బడి లైబ్రరీలో నాకు పని దొరికిందని చెప్పిన రోజున ఆయన కాసేపు ఫ్యాను వైపు చూసి ఇలా అన్నారు.

"అయితే నువ్వు రిటైరైపోతన్నావన్నమాట. నాను రిటైరైనప్పుడు డిపోలో దండేసి, శాలువా కప్పి, మైకిచ్చినారు. నీకు మైకిస్తే పారిపోతావు. అంచేత రాసియ్యి. రేపు ఈ కుర్చీలో కూసునే పిల్లకి పనికొస్తాది."

మైకు గురించి ఆయన అన్నది నిజం. నేను నలుగురిలో మాట్లాడలేను. కొట్టులో విన్నవన్నీ ఇంటికి వెళ్లి డైరీలో రాసుకోవడం నా అలవాటు. అందులోంచి ఏరి ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది నర్సీపట్నంలో, బస్సు కాంప్లెక్సు వెనక సందులో, ఒక టైలరు షాపుకీ ఫొటో స్టూడియోకీ మధ్యనున్న అద్దె పుస్తకాల కొట్టులో. ఇంకా అద్దె పుస్తకాల కొట్లు ఉన్నాయా అని అడుగుతారు. మాది ఉంది. ఎందుకుందో చెప్పడమే ఈ రాతలో సగం.

దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు

భాస్కరరావు గారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏజెన్సీ రూటులో బస్సు ఆగినప్పుడల్లా పుస్తకం చదివేవారట. రిటైరయ్యాక ఆ పుస్తకాలే కొట్టయ్యాయి. కొట్టుని ఆయన ఇప్పటికీ బస్సులాగే నడుపుతారు. పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లు దిగేవాళ్లు. తీసుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కేవాళ్లు. దిగేవాళ్ల పని ముందు చూడాలి. ఆ పని ఏమిటంటే, చదివిన పుస్తకం ఎలా ఉందో కౌంటరు దగ్గర నిలబడి పైకి చెప్పడం. చెప్పనిదే తరవాతి పుస్తకం ఇవ్వరు.

"దిగినోళ్లు సెప్పండి, ఎక్కినోళ్లు ఇనండి," అని ఆయన అరిస్తే బెంచీ మీద ఉన్నవాళ్లు మాటలాపి అటు తిరిగేవారు.

ఎక్కువమంది తీసుకెళ్లేది భాగాలుగా వచ్చే నేర కథలు కాబట్టి దీనికి ఒకటే షరతు. హంతకుడెవరో చెప్పకూడదు. చెప్పేస్తే వాళ్లకి కొత్త భాగం అందరూ చదివాకే ఇస్తారు. ఒక బ్యాంకు ఉద్యోగి ఉత్సాహం ఆపుకోలేక "ఆ బావమరిది మీద నాకు మొదట్నుంచీ అనుమానమేనండి" అనేశాడు. బెంచీ మీద ముగ్గురు ఒకేసారి లేచారు. భాస్కరరావు గారు అతని చేతిలోని కొత్త భాగాన్ని మెల్లగా వెనక్కి లాక్కుని, "మీరు ఎనక సీట్లో కూసోండి బాబూ" అన్నారు. తర్వాత చాలా నెలలపాటు అతను మాకు ముఖం చూపించలేదు. చివరికి వచ్చాడు. తరవాతి భాగం మరెక్కడా దొరకదు కదా.

మిగతావాళ్లు వాట్సాప్ గ్రూపు పెడదామంటే భాస్కరరావు గారు ఒప్పుకోలేదు. "అందులో ఎవుడో ఒకడు నిద్దట్లో నొక్కీసి హంతకుడి పేరు పంపీస్తాడు. ఇక్కడైతే నా కళ్లెదురుగా సెప్తారు," అన్నారు.

ఈ కుర్చీలో కూర్చోబోయేవాళ్లు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ఇక్కడ పుస్తకాలు ఇవ్వడం చిన్న పని. పెద్ద పని వినడం. నాలాంటి దానికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఉండదు. మాట్లాడాల్సింది ఎప్పుడూ ఎదుటివాళ్లే.

డాక్టరమ్మ

కొట్టులో చాలా పుస్తకాలున్నా జనం వచ్చేది ఎక్కువగా ఒక వరస కోసం. దాని పేరు 'చల్లగది'. ముప్పై భాగాలు దాటింది, ఇంకా వస్తూనే ఉంది. అందులో డాక్టర్ హైమవతి అని ఒకావిడ జిల్లా ఆసుపత్రిలో శవపరీక్షలు చేస్తుంది. ప్రతి భాగంలోనూ ఒక చావు. అది ఎలా జరిగిందో ఆవిడ తేల్చాలి.

ఈ పుస్తకాలంటే నాకు ఎంతిష్టమో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో అయితే అట్ట మీద శవం ఉన్న పుస్తకాన్ని దిండు కిందే దాచాలి. మా అమ్మ చూసిన రోజున "పెళ్లికావలసిన పిల్లవి, ఏటే ఈ పీనుగులు" అని అట్ట బోర్లించి పెట్టింది. రెండు రోజుల తర్వాత అదే పుస్తకం వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక దొరికింది. ఎక్కడిదాకా చదివిందో తెలియడానికి లోపల కరివేపాకు రెమ్మ ఉంది. రెమ్మ కదలకుండా మళ్లీ అక్కడే పెట్టేశాను. 

ఈ వరసలో నాకు నచ్చేది రక్తం కాదు. ప్రతి భాగం ఒకేలా మొదలవుతుంది. డాక్టరమ్మ గదిలోకి వచ్చి, కాగితాలు చూడకముందే, "ఈయన పేరేమిటి?" అని అడుగుతుంది. పేరు తెలిస్తే ఆ పేరుతోనే పిలుస్తూ పని మొదలుపెడుతుంది. పేరు తెలియని శవమైతే ఆ రోజంతా చిరాగ్గా ఉంటుంది. పుస్తకం ఎంత భయంకరమైనదైనా, చచ్చిపోయినవాళ్లకి అందులో మర్యాద ఉంటుంది.

లోపాలు లేవని అనను. తొమ్మిదో భాగం నుంచి పన్నెండో భాగం దాకా రచయితకి ఏమైందో తెలియదు. డాక్టరమ్మ చేతిలో కత్తి తీసేసి స్టీరింగు పెట్టాడు. కార్లు తరుముతుంటాయి, గోడలు దూకుతుంటారు. ఆ నాలుగూ వదిలేసినా నష్టం లేదు. కానీ మా కొట్టులో వదిలెయ్యడం కుదరదు. "రూటు మధ్యలో ఎక్కించను. ఒకటో భాగం నుంచి వరసగా రండి," అనేవారు భాస్కరరావు గారు. ఈ నియమం ముందుముందు మమ్మల్ని ఇబ్బందిలో పెట్టింది. ఆ సంగతికి వస్తాను.

కౌంటరు దగ్గర విన్నవి

కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో అప్పలనాయుడు గారని చెరకు రైతు ఒకాయన వచ్చేవారు. ఆయన అభిప్రాయం ప్రతిసారీ తిండి గురించే.

"ఇన్ని బాగాలు సదివినాను. ఆ డాక్టరమ్మ వేడన్నం తిన్న పాపాన పోనేదు. టీ తాగుతాది, బిస్కెట్టు తింతాది, శవం కాడికి పోతాది. ఎవులూ అడగరు. రాసినాయనకి ఇంట్లో ఆడోళ్లు నేరేటి?"

"కథ ఎలాగుంది నాయుడూ?" అని భాస్కరరావు గారు గుచ్చేవారు.

"కతకేటి, బెమ్మాండం. నాను మనిషి గురించి సెప్తన్నాను."

ముప్పయ్యో భాగంలో డాక్టరమ్మ ఒక ముసలావిడ ఇంట్లో పీట మీద కూర్చుని పప్పుచారుతో అన్నం తింటుంది. రెండు వాక్యాలే. నాయుడు గారు ఆ పుస్తకం తిరిగి ఇచ్చిన రోజున ఏమీ చెప్పలేదు. ఆ పేజీ తీసి బెంచీ మీద అందరికీ చూపించి వెళ్లిపోయారు. అభిప్రాయం చెప్పనిదే వదలని భాస్కరరావు గారు ఆ రోజు వదిలేశారు.

కుమారి అని చింతపల్లి వైపు కొండ గ్రామం నుంచి వచ్చి, ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన అమ్మాయి ఉంది. పద్నాలుగో భాగం కథ ఏజెన్సీలో జరుగుతుంది. అందులో కొండవాళ్లు శవపరీక్ష అంటే దడుచుకుని శవాన్ని దాచేస్తారు. కుమారి ఆ పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఈ ఒక్కటీ తప్పు రాశారండి. మా ఊళ్లో భయపడేది కోస్తారని కాదు. శవాన్ని కిందికి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బండి దొరుకుతుంది. మళ్లీ పైకి తెచ్చుకోడానికి దొరకదు. మా చిన్నాన్నని తెచ్చుకోడానికి మా నాన్న రోజంతా రోడ్డు మీద నిలబడ్డాడు. అది రాసుంటే బాగుండేది."

 ఆ రూటులో అన్నేళ్లు కండక్టరుగా తిరిగిన భాస్కరరావు గారు తల వంచుకుని, "బస్సులో ఎక్కించనివ్వరమ్మా," అన్నారు. "తెలుసండి. మిమ్మల్ననలేదు," అంది కుమారి. తర్వాత పదిహేనో భాగం తీసుకుంది. తప్పు రాశారని తెలిసీ తరవాతి భాగం తీసుకునేవాళ్లు ఏ రచయితకైనా దొరికే మంచి పాఠకులని నా అభిప్రాయం.

ఇక నూకరత్నం గారు. ఈ రాతంతా నిజానికి ఆవిడ కోసమే.

నూకరత్నం గారికి నలభై దాటి ఉంటాయి. ఊరి బయట షెడ్డులో జీడిపిక్కలు కొడతారు. భర్త పోయాక తల్లి దగ్గరే, తమ్ముడి కుటుంబంతో కలిసి ఉండేవారు. పిక్కల్లోంచి కారే జీడి చేతికి అంటితే తోలు ఊడుతుంది, నల్లబడుతుంది. బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా పూర్తిగా పోదు. ఆవిడ చదివిన పుస్తకాల్లో పేజీల మూలన గోధుమరంగు బొటనవేలి మరకలుండేవి. భాస్కరరావు గారు రబ్బరు పెట్టి రుద్దేవారు. పోయేవి కావు. "నూకరత్నం, నీకిచ్చిన పుస్తకం ఇంకెవులికిచ్చినా నిన్ను పక్కన కూసోబెట్టినట్టుంతాది," అని విసుక్కునేవారు.

ఏడో భాగంలో హంతకుడు గ్లాసు మీద వేలిముద్ర వదిలి దొరికిపోతాడు. దాని మీద ఆవిడ చెప్పిన మాట మా కొట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"బాగుంది గానీ, ఆడు మా షెడ్డులో రెండేళ్లు పిక్కలు కొట్టి ఎళ్లుంటే డాక్టరమ్మకి దొరికీవోడు కాదు. మా యేళ్లకి గీతలుంతాయేటి? రేషను కాడ మిషన్లో యేలెట్టిన ప్రతిసారీ నాను నాను కాదంతాది."

"అయితే నువ్వెన్ని ఖూనీలు సేసినా దొరకవన్నమాట," అన్నారు నాయుడు గారు.

"సేత్తే మొదట మీ ఊరే వత్తాను నాయుడుగారూ, జాగర్త," అందావిడ.

ఇరవయ్యొకటో భాగం

పోయిన వానాకాలంలో నూకరత్నం గారి తమ్ముడు సూరిబాబు చనిపోయాడు. చెరకు తోట గట్టు మీద పడి ఉన్నాడు, పక్కన పురుగుల మందు డబ్బా ఉంది. ఆ పొద్దున్నే అతనికీ భార్య గౌరికీ గొడవైంది, వీధంతా విన్నది. శవపరీక్ష చేసి, కడుపులోనివి సీసాల్లో పెట్టి ల్యాబుకి పంపారు. రిపోర్టు వస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

ఇంట్లో మాత్రం ఎవరూ రిపోర్టు కోసం ఆగలేదు. పెళ్లాం మాటలు పడలేక మందు తాగేశాడని తల్లి అంది. చుట్టాలు అన్నారు. పదో రోజున అందరి ముందూ నూకరత్నం గారూ అన్నారు. గౌరి కూతుర్ని తీసుకుని రావికమతంలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఇదంతా ఆవిడే ఒక మధ్యాహ్నం, కొట్టులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, పద్దెనిమిదో భాగం ఎలా ఉందో చెప్పడానికి వచ్చి చెప్పారు. పద్దెనిమిదో భాగం గురించి ఒక్క మాటా చెప్పలేదు.

"ఈ డాక్టరమ్మైతే ఆఖర్న సెప్తాదమ్మా, ఇదీ జరిగిందని. మాకు సెప్పీవోళ్లు నేరు. మా అమ్మ రేత్తిరీ పగలూ గౌరిని తిడతాది. నిజంగా తాగీసినాడో, పామే ముట్టిందో, గుండే ఆగిందో. నాకు తెలీదు. తెలీకుండానే ఆ పిల్లని అనీసినాను."

ఆ తర్వాత ఆవిడ ఇంకా వేగంగా చదవడం మొదలుపెట్టారు. పంతొమ్మిది, ఇరవై అయిపోయాయి. తరవాతిది ఇరవయ్యొకటి. దాని అట్ట మీదే ఒక పొలం గట్టు, ఒక మందు డబ్బా ఉంటాయి.

భాస్కరరావు గారు ఆ పుస్తకాన్ని అరలోంచి తీసి తన బల్ల సొరుగులో పెట్టేశారు. "అడిగితే బయటికెళ్లిందని సెప్పు. ఆ మనిషి గుండె ఆగిపోతాది," అన్నారు నాతో. నాకూ అదే మంచిదనిపించింది. ఆవిడ వారం వారం వచ్చి అడిగేవారు. బయటికెళ్లిందండి, అనేదాన్ని. ఇరవై రెండు ఇవ్వమని ఆవిడ అడిగితే వరస నియమం అడ్డొచ్చేది. వేరే పుస్తకం ఇస్తే తీసుకునేవారు కాదు. ఉత్త చేతులతో వెళ్లిపోయేవారు.

ఒక సోమవారం, సంత రోజు, కొట్టు నిండా జనం ఉన్నారు. నాయుడు గారు ఇరవయ్యొకటో భాగం మళ్లీ చదవాలనుందన్నారు. భాస్కరరావు గారు ఆలోచించకుండా సొరుగు తీసి ఆయన చేతిలో పెట్టారు. గుమ్మంలో నూకరత్నం గారు నిలబడి ఉన్నారు.

"అది నేదన్నారు కదా," అన్నారావిడ.

భాస్కరరావు గారు సొరుగు మూసేశారు.

"వారాల్నుంచి తిరుగుతన్నాను. సొరుగులో ఉందా?"

"నూకరత్నం, నీ మంచికే," అని మొదలుపెట్టారు భాస్కరరావు గారు. "అందులో ఏటుందంటే..." ఆగిపోయారు. ఎవరినీ కథ ముందే చెప్పనివ్వని మనిషి. చివరికి గొంతు తగ్గించి చెప్పారు. "పొలం గట్టమ్మా. మందు డబ్బా."

ఆవిడ అట్ట వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"మా తమ్ముడు పోయినాడని నాకు తెలీదేటండి? పుస్తకం దాసీస్తే బతికొచ్చీస్తాడేటి? మా ఇంట్లో అందరూ నాకు తెలీనియ్యకుండా తీర్మానం సేసీసినారు. మీరూ అంతే సేసినారు."

 నాయుడు గారు తన చేతిలోని పుస్తకాన్ని ఆవిడ చేతిలో పెట్టి, "రెండోసారి సదవడానికి నాకు తొందరేటి. నువ్వు తీసుకెళ్లమ్మా," అన్నారు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా రాస్తాను. భాస్కరరావు గారంత మంచి యజమాని నాకు మళ్లీ దొరకరు. ఆ పుస్తకం దాచింది కూడా మంచితనంతోనే. అయినా అది మా కొట్టు చేసిన పెద్ద తప్పు. ఏది చదవగలరో ఏది చదవలేరో మనుషుల తరఫున మనం తేల్చెయ్యకూడదు. మనకి తెలిసింది వాళ్లు ఏ భాగం దాకా వచ్చారన్నది మాత్రమే.

రిపోర్టు రాలేదు

తర్వాత ఆవిడ చాలాకాలం రాలేదు. సందు మొదట షేర్ ఆటో ఆగినప్పుడల్లా భాస్కరరావు గారు తల బయటపెట్టి చూసేవారు. పుస్తకం కోసం కాదు. ఒకరోజు నన్ను, "ఆ పుస్తకంలో ఆఖర్న ఏటవుతాదో నీకు గుర్తుందా?" అని అడిగారు. గుర్తుంది. డాక్టరమ్మకి చివరిదాకా తెలియని భాగం అదొక్కటే. మొత్తం వరసలో తేలకుండా మిగిలిపోయిన చావు అదొక్కటే. చాలామంది పాఠకులకి అందుకే అది నచ్చలేదు. "ఇంతా సదివించి ఏటీ సెప్పనేదు" అని విసుక్కున్నవాళ్లే ఎక్కువ. సమాధానం కోసం చదివే మనిషి చేతికి వెళ్లింది ఆ పుస్తకమే. మా ఇద్దరి భయం అదే.

ఆవిడ వచ్చిన రోజున కొట్టులో నాయుడు గారు, ఇంకో ఇద్దరు ఉన్నారు. నూకరత్నం గారి పక్కన సన్నగా ఉన్న ఒకమ్మాయి, ఆ అమ్మాయి కొంగు పట్టుకుని చిన్న పిల్ల. నాకు అర్థమయ్యేలోపే నూకరత్నం గారు పుస్తకం కౌంటరు మీద పెట్టారు.

"దిగినోళ్లు ముందు సెప్పాలి కదా. సెప్తాను," అన్నారు.

భాస్కరరావు గారు లేచి నిలబడ్డారు.

"ఇందులో ఆ పొలం కాడ పోయినోడి నాన్న వొచ్చి డాక్టరమ్మని నిలేత్తాడు. కోడలి వల్లే తాగీసినాడని రాసీమంతాడు. ఊరంతా అదే అంతాది. ఆవిడేటంతాదంటే, నాకు ఇంకా తెలీదు, నాకు తెలిసీదాకా మీరూ తెలుసనకండి, అంతాది. ఆ పేజీ మజ్జానం షెడ్డులో కూసుని సదివినాను. సెయ్యి తుడుసుకోడం మర్సిపోనాను. ఆ పేజీ మసైపోనాది, ఏటీ అనుకోకండి."

"ఏటీ అనుకోం, సెప్పు," అన్నారు భాస్కరరావు గారు.

"మీ కొట్టుకో రూలుంది కదా. ఆఖరి పేజీ దాకా ఎవులూ హంతకుడి పేరు సెప్పకూడదని. బ్యాంకు బాబు సెప్పీస్తే ఎనక సీట్లో కూసోబెట్టినారు. మరి మా ఇంటికాడ ఆఖరి పేజీ రాకుండానే అందరం సెప్పీసినాం. నానూ సెప్పీసినాను, పదో రోజున, అందరి ముందూ. నన్నెవులూ ఎనక సీట్లో కూసోబెట్టనేదు. ఆదివారం రావికమతం ఎళ్లినాను."

తర్వాత ఏమైందో ఆవిడ చెప్పలేదు. మధ్యలో ఆగిపోయారు. మిగతాది పక్కనున్న గౌరి చెప్పింది, నేల చూస్తూ, నాలాగే మెల్లగా.

"నాను వాకిట్లో ఉన్నానండి. వదిన్ని సూసి, రిపోర్టొచ్చీసినట్టుంది, నన్నేదో అనడానికి వొచ్చిందనుకున్నాను. రిపోర్టొచ్చిందా వదినా, అన్నాను. రానేదే, అందుకే వొచ్చీసినాను, అంది."

నాయుడు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. భాస్కరరావు గారు పాత కండక్టరు గొంతుతో, కానీ మెల్లగా, "ఎక్కీవోళ్లు?" అన్నారు.

"ఇదీ ఎక్కుతాదండి," అన్నారు నూకరత్నం గారు గౌరి భుజం మీద చెయ్యేసి. "పదో తరగతి సదివింది. నాకంటే బేగి సదువుతాది."

నేను ఒకటో భాగం తెచ్చి ఇచ్చాను. గౌరి అట్ట తిప్పి చూసి, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది. "ఆఖర్న అన్నీ తెలుస్తాయాండి?"

మామూలుగా నేను నవ్వి ఊరుకుంటాను. ఆ రోజు ఊరుకోలేదు. "అన్నీ తెలియవండి. కానీ ఆవిడ ప్రతిసారీ ముందు పేరు అడుగుతుంది," అన్నాను.

కుర్చీ

ఇప్పుడు నేను వెళ్లిపోతున్నాను. నా కుర్చీలోకి కుమారి వస్తోంది. డిగ్రీ అయిపోయింది, పోటీ పరీక్షలకి చదువుకుంటూ ఇక్కడ కూర్చుంటానంది. పద్నాలుగో భాగం గురించి ఆమె అన్న మాటని భాస్కరరావు గారు కొత్త పాఠకులందరికీ చెబుతుంటారు కాబట్టి ఆ కుర్చీకి ఆమె కొత్తదేం కాదు. భాస్కరరావు గారి సొరుగులో ఇప్పుడు కళ్లద్దాలు, పొడుం డబ్బా మాత్రమే ఉంటాయి. తాళం తీసేశారు.

సూరిబాబు రిపోర్టు వచ్చింది. అది వచ్చిన వారం కూడా నూకరత్నం గారు పుస్తకం ఇవ్వడానికి వచ్చారు. రిపోర్టు వచ్చిందని చెప్పారు, అందులో ఏముందో చెప్పారు, తర్వాత పుస్తకం గురించి చెప్పారు. రిపోర్టులో ఏముందో నేను ఇక్కడ రాయను. అది వాళ్ల ఇంటి ఆఖరి పేజీ. అది వచ్చేసరికే గౌరి నెలలుగా మళ్లీ అత్తింట్లో ఉంది, పాప అక్కడి బడికి వెళుతోంది. ఆ కాగితం వచ్చాక వాళ్లెవరూ ఇల్లు మారలేదు. ఇంతవరకు చెబితే తప్పులేదనుకుంటాను.

కుమారికి చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది.

గౌరి కూడా ఇప్పుడు షెడ్డులోనే పిక్కలు కొడుతోంది. ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం తీసుకెళుతున్నారు. నూకరత్నం గారు చదివేసిన భాగాలే మళ్లీ మొదటినుంచి, భోజనాల వేళ పక్కపక్కన కూర్చుని చదువుతున్నారట. తిరిగొచ్చిన పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ అంచున ఒక పెద్ద బొటనవేలి మరక, కుడి పేజీ అంచున ఒక చిన్న మరక ఉంటాయి. రెండింటిలోనూ గీతలు ఉండవు. ఏ డాక్టరమ్మకీ అవి ఎవరివో చెప్పడం కుదరదు. ఈ కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లు చెప్పగలరు.

బల్ల మీద రబ్బరు ఉంటుంది. ఆ మరకల మీద వాడకు.